వరదలో తెగే దారులు

వానాకాలంలో స్వదేశంనుండి వచ్చే వార్తలలో "రహదారి మునిగింది" అన్న మాట తరచు వినిపిస్తుంది. 2023 జులైలోను, 2024 సెప్టెంబరులోను మున్నేరు పొంగి, నందిగామ సమీపాన ఐతవరం వద్ద హైదరాబాదు-విజయవాడ జాతీయ రహదారిని ముంచెత్తింది. 2023లో వాహనాలను నార్కట్‌పల్లి, మిర్యాలగూడ, గుంటూరుల మీదుగా మళ్ళించారు. మునిగినది రహదారిలో కొద్ది భాగమే. స్తంభించినది రెండు మహానగరాల నడుమ రాకపోక.

అందుచేతనే రహదారులకు గల వరద ముప్పును అంచనా వేసే శాస్త్రజ్ఞులు రెండు ప్రశ్నలు వేసుకుంటారు.

మొదటిది: ఏ దారి మునుగుతుంది? నేల ఎత్తుపల్లాలు, వాగుల ప్రవాహం, తూములనుండి సాగిపోగల నీటి పరిమాణం తెలిస్తే దీనిని లెక్కకట్టవచ్చు. "నూరేళ్ళ వరద" అంటే నూరేళ్ళకొకసారి వచ్చేదని చాలామంది భావిస్తారు. ఏ సంవత్సరంలోనైనా అది వచ్చే అవకాశం నూటికి ఒకటి అని దాని అర్థం. ఆ లెక్కన 30 ఏళ్ళలో ఒక్కసారైనా వచ్చే అవకాశం సుమారు 26 శాతం. పైగా దారి మూసుకుపోవడానికి నిలువెత్తు నీరు అక్కరలేదు. అడుగు లోతు నీటిలోనే చాలా కార్లు తేలిపోతాయి.

రెండవది: ఆ దారి తెగితే ఎవరికి దిక్కు లేకుండా పోతుంది? దీనికి రసాయనశాస్త్రంలో చక్కని పోలిక ఉన్నది. హెక్సేన్ అణువులో ఆరు కార్బన్ పరమాణువులు గొలుసుగా ఉంటాయి; వాటి నడుమ ఒక్క బంధం తెగినా అణువు రెండు ముక్కలవుతుంది. సైక్లోహెక్సేన్‌లో అవే ఆరూ వలయంగా ఉంటాయి. ఒక బంధం తెగినా అన్నీ కలిసే ఉంటాయి. ఊళ్ళను పరమాణువులుగా, దారులను బంధాలుగా ఊహించండి. ఇటువంటి చిత్రాలకు గణితంలో "గ్రాఫ్" అన్న పేరును 1878లో సిల్వెస్టర్ రసాయన చిత్రాలనుండే గ్రహించాడు.

కంప్యూటరులో ఒక్కొక్క దారినే తొలగిస్తూ, ప్రతి ఊరినుండి ఆసుపత్రికి పట్టే కాలం ఎంత పెరిగిందో చూస్తారు. జాతీయ రహదారి తెగితే చుట్టుదారి దొరకవచ్చు. వాగు మీది చిన్న చప్టా మునిగితే, పురిటినొప్పులు పడుతున్న ఇల్లాలికి వేరే దారే ఉండకపోవచ్చు. వాహనాల సంఖ్యను మాత్రమే చూస్తే ఆ చప్టా లెక్కలోకే రాదు.

అన్ని దారులనూ ఎత్తు చేయడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు. అటువంటి చప్టాలను ముందుగా గుర్తించి వంతెనలుగా మార్చడం, లేదా రెండవ దారి వేసి గొలుసును వలయం చేయడం సాధ్యమే. స్వగ్రామానికి చేయూతనిచ్చే మన కుటుంబాలు ఈసారి వెళ్ళినపుడు గ్రామ పెద్దలను ఒక్క మాట అడగాలి: "వాగు పొంగితే మన ఊరికి రెండవ దారి ఏది?"