గిన్నెలో పెరిగిన చర్మం

వేలూరు ఎండ గురించి మన పాఠకులకు వేరే చెప్పాలా? గుడియాత్తం గంగమ్మ శిరసు జాతరకని వేలూరు నుంచి వచ్చిన మా మేనకోడలు, బస్సు దిగుతూనే ముఖానికి తెల్లటి క్రీము పులుముకుంది. అక్కడ ఎమ్మెస్సీ చదువుతోందిలెండి.

మా బావగారు నలభై ఏళ్ళు లుంగీల నూలుకు రంగులు వేసిన మనిషి. అరచేతులు ఎండిన చెరువులా బీటలు వారాయి. ఎవరో ఆయనకొక డబ్బా ఇచ్చి, రాస్తే పగుళ్ళు మానతాయన్నారట. దానిమీద 'నానో వెండి' అనీ, 'చర్మంపై పరీక్షించినది' అనీ రాసి ఉంది.

"ఏ చర్మం మీదే అమ్మాయీ? ఎలుకదా, మనిషిదా?" అని అడిగారాయన.

"గిన్నెలో పెంచిన చర్మం కావచ్చు మామయ్యా" అంది.

నేను వంట వదిలేసి వచ్చి కూర్చున్నాను. మనిషి చర్మపు పైపొర కణాలను గాజుపాత్రలో పెంచే దారిని 1975లో అమెరికాలో రైన్‌వాల్డ్, గ్రీన్ అనే ఇద్దరు చూపారు. ఆపరేషన్లలో మిగిలిన చర్మం నుంచి ఆ కణాలు తీసి, జల్లెడలాంటి సన్నని పొరమీద పరుస్తారు. కింద పోషకద్రవం, పైన గాలి. కొద్ది వారాల్లో పాలమీద మీగడ కట్టినట్టు, పైన మన చర్మంలాగే బిరుసు పొర కడుతుంది.

దానిమీద మందు రాసి, కొంతసేపటికి కడిగేసి, సుమారు 42 గంటలు ఆగి, పసుపు రంగు ద్రవం పోస్తారు. బతికున్న కణాలు దాన్ని ఊదారంగుకు తిప్పుతాయి. కణాల్లో సగమో అంతకన్నా తక్కువో బతికితే అది చర్మాన్ని మండించే సరుకన్నమాట. ఓ.ఇ.సి.డి. ఈ పరీక్షకు 2010లో పద్ధతి ఖాయం చేసింది. మన దేశంలో సౌందర్య సాధనాలను జంతువులపై పరీక్షించడం 2014లో నిషేధించారు.

రంగు మాట వినగానే బావగారు లేచి కూర్చున్నారు. "ఆ పొడికే రంగుంటేనో? అదే ద్రవాన్ని మార్చేస్తేనో?"

మా పిల్ల నోరు తెరిచింది. నానోరేణువులతో అసలు చిక్కు అదేనట! మిల్లీమీటరులో పదివేలవ వంతుకు మించని ఆ రేణువుల్లో కొన్ని రంగును పీల్చుకుంటాయి, కొన్ని తామే ద్రవాన్ని మారుస్తాయి. అందుకని చంపిన చర్మం మీద కూడా అదే పరీక్ష చేసి, వచ్చిన దొంగ రంగును లెక్కలోంచి తీసేస్తారు. నలభై ఏళ్ళు రంగుతొట్టి దగ్గర నిలబడితే ఇంత తెలుస్తుందని నేనెన్నడూ అనుకోలేదు.

"అయితే రాసుకోనా?" అన్నారాయన.

"వద్దు మామయ్యా. ఆ పరీక్ష పగలని చర్మానికి. మీ చేతుల్లో ఆ పైపొర ఎక్కడుంది? పైగా గిన్నెలోని చర్మంలో నెత్తురు పారదు, వారాల తర్వాత పుట్టే ఎలర్జీ అందులో కనబడదు."

తన క్రీములోని జింక్ ఆక్సైడ్ నానోరేణువులు పైపొర దాటి లోపలికి పోవని చాలా పరీక్షల్లో తేలిందట. ఐరోపావారు దాన్ని పూతకు ఒప్పుకున్నారు గాని, ఊపిరిలోకి పోయే స్ప్రేకు ఒప్పుకోలేదు. నానోరూపంలోని కొల్లాయిడల్ వెండిని మాత్రం సౌందర్య సాధనాల్లో వాడరాదని 2024లో నియమం చేశారు. ఆసుపత్రిలో డాక్టరు చూసి వేసే వెండిమందు సంగతి వేరు.

డబ్బా అటకెక్కింది. సోమవారం వేలూరులో చర్మం డాక్టరుకు చూపించాలని చీటీ తీసుకున్నాం. "నా చర్మం ముక్క ఇస్తే పెంచుతారేమో అడుగు. నీలం లుంగీ రంగులో వస్తుంది" అంటున్నారు బావగారు.