ఉదాహరణములందు స్థిరసంజ్ఞలు

ప్రమాణము నుదాహరించుట యనఁగాఁ జదువరిని మూలమునొద్దకుఁ జేర్చుట. వ్యాసమునఁ జెప్పఁబడినదానిని బరీక్షింపఁ దలఁచినవానికి మూలము దొరకనియెడల నా యుదాహరణము వ్యర్థము. నేఁడు పెక్కు గ్రంథములును బత్రికలును అంతర్జాలమున లభించుచున్నవి. వాని నుదాహరించువారు తఱచుగా నవి యున్న చోటి చిరునామాను మాత్రము వ్రాసి తృప్తి నొందుచున్నారు. చిరునామా స్థానమును దెలుపునే కాని వస్తువును దెలుపదు. స్థానము మాఱిన నది నిష్ప్రయోజనమగును.

ఈ భేదము వైయాకరణులకుఁ గ్రొత్త కాదు. అష్టాధ్యాయిలోని వృద్ధిసంజ్ఞాసూత్రమును 1-1-1 అని యుదాహరింతురే కాని యొకానొక ముద్రణములోని పుటసంఖ్యను జూపరు. ముద్రణము మాఱినఁ బుట మాఱును; అధ్యాయపాదసూత్రసంఖ్య నిలుచును. అంతర్జాలమున నట్టిపని చేయుదానిని స్థిరసంజ్ఞ యనవచ్చును.

అట్టివానిలోఁ బ్రసిద్ధమైనది డి.ఓ.ఐ. యనునది. దీనిని అంతర్జాతీయ ప్రమాణసంస్థవారు 2012లో 26324వ ప్రమాణముగాఁ బ్రకటించిరి. ఉదాహరణమునకు, 10.1000/182 అనునది డి.ఓ.ఐ. పద్ధతిని వివరించు కరదీపికకే యీయఁబడిన సంజ్ఞ. గీఁతకు ముందున్న భాగము 10తో నారంభమై, నమోదు చేసినవారికిఁ గేటాయింపఁబడినది. తరువాతి భాగము వారు వస్తువున కిచ్చిన గుర్తు. పట్టికలో సంజ్ఞ కెదుట నేఁటి చిరునామా వ్రాయఁబడియుండును. ప్రకాశకులు వ్యాసమును వేఱొకచోటికి మార్చినప్పుడు పట్టికలోని చిరునామాను దిద్దుదురు. అచ్చులోఁ బడిన సంజ్ఞ యట్లే యుండి చదువరిని గ్రొత్తచోటునకుఁ గొనిపోవును. విద్వత్పత్రికల కొఱకు క్రాస్‌రెఫ్ అను సంస్థ 2000 నుండి యీ నమోదు నడపుచున్నది.

అయినను స్థిరత్వము సంఖ్యయందు లేదు, దానిని గాపాడువారియందున్నది. పట్టికను దిద్దనిచో డి.ఓ.ఐ.యు దారి తప్పించును.

ప్రాఁత తెలుఁగుగ్రంథములకుఁ బ్రాయికముగా డి.ఓ.ఐ. లేదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియావారు ఛాయాప్రతులు తీయించిన గ్రంథములు పెక్కు ఇంటర్నెట్ ఆర్కైవులోఁ జేరినవి. వానిలోఁ జాలవానికి ‘ఇన్.ఎర్నెట్.డి.ఎల్.ఐ.2015’ అని యారంభమగు సంజ్ఞలు గలవు. అచ్చటఁ దెలుఁగుపేరులు పెక్కుచోట్ల రోమనులిపిలోఁ దప్పులతోఁ బడియుండుటచేఁ, బేరును బట్టి వెదకుటకంటె సంజ్ఞను బట్టి వెదకుట నిశ్చితము. మఱియు నొక గ్రంథమునకుఁ బలుముద్రణము లున్నచో, చూచిన ప్రతి యేదియో సంజ్ఞయే నిర్ణయించును. కాని యిది యొక్క సంస్థ పాలించు సంజ్ఞ. కావునఁ గర్తను, గ్రంథనామమును, ముద్రణసంవత్సరమును, బుటను వ్రాసి, పిదప సంజ్ఞను జేర్చుట యుచితము. సంజ్ఞ చెడినచో నా వివరములు మూలమును జూపును. వివరములు సందిగ్ధమైనచో సంజ్ఞ సందేహమును దీర్చును.