ఒంటరిగా వెళ్ళాలా, వద్దా?

జూన్ నెలలో లైసెన్సు వచ్చింది. ఆగస్టులో మా సంఘపు పెద్దాయనకు మోకాలి ఆపరేషన్ అయ్యింది. ఈ రెండింటి మధ్య మా ఇంట్లో మొదలైన చర్చ సెప్టెంబరు చివరిదాకా తెగలేదు. ఆ సంగతే ఇప్పుడు మీతో చెప్పుకోవాలని వ్రాస్తున్నాము. ఇద్దరము కలిసి వ్రాస్తున్నాము గనుక ఇందులో ‘నేను’ అనే మాట ఉండదు. ఆయన, ఆమె అని మమ్మల్ని మేమే వేరుగా చెప్పుకొంటాము.

మాది మార్కాపురం దగ్గర పల్లె. అమెరికాలోని కొలరాడో రాష్ట్రానికి వచ్చి పద్నాలుగు సంవత్సరాలైంది. ఆమె నర్సు. ఆయన లారీలు బాగుచేసే షెడ్డులో పని చేస్తారు. ఇక్కడ ఎల్క్ అనే పెద్ద దుప్పి ఉంటుంది. మన నల్లమలలోని కణితికి దాయాది అనుకోండి, కాని ఇంకా పెద్దది. మగది 300 కిలోలు దాటుతుంది. ఆడది 225 కిలోల దాకా తూగుతుంది.

వేట అనగానే మన పాఠకులు ఉలిక్కిపడతారని తెలుసు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి జంతువును వేటాడడం నేరం. ఇక్కడి కథ వేరు. వంద సంవత్సరాల క్రితం ఇక్కడ కూడా విచ్చలవిడిగా కాల్చి ఎల్క్‌ను దాదాపు లేకుండా చేశారు. 1913, 1914లలో యెల్లోస్టోన్ నుండి కొన్నింటిని తెచ్చి ఎస్టెస్ పార్కు ప్రాంతంలో వదలవలసి వచ్చింది. ఇప్పుడు రాష్ట్రమంతటా సుమారు 3 లక్షలు ఉన్నాయి. అమెరికాలో మరే రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. ప్రభుత్వమే మందలను అంచనా వేసి, ఏ ప్రాంతంలో ఎన్ని తీయవచ్చో నిర్ణయించి లైసెన్సులిస్తుంది. చంపిన జంతువు మాంసం పాడుచేస్తే శిక్ష ఉంది. 1949లో గాని, ఆ తరువాత గాని పుట్టినవాడెవడైనా వేట పాఠాలు నేర్చుకొని కార్డు తెచ్చుకోవాలి. తుపాకీ వేటకు వెళ్ళేవాడు 500 చదరపు అంగుళాల మెరిసే నారింజ రంగో గులాబీ రంగో ఒంటిమీద వేసుకోవాలి, తలకు అదే రంగు టోపీ పెట్టుకోవాలి.

ఆయన మూడేళ్ళు ఆ పెద్దాయన వెంట వెళ్ళారు. తోలు తీయడం, జబ్బలు, తొడలు విడదీయడం, మోయడం నేర్చుకొన్నారు. ఎన్నడూ తుపాకీ పేల్చలేదు. ఈ యేడు ఆయన పేరు మీద ఒక ఆడ ఎల్క్‌కు లైసెన్సు దొరికింది. తీరా పెద్దాయనకు మోకాలు.

“ఒక్కణ్ణే వెళ్తాను” అన్నారు ఆయన, భోజనాల దగ్గర, పప్పు వడ్డించుకొంటూ. అంత తేలికగా అన్నారు.

ఆమె మొదట అడిగింది ఎలుగుబంటి గురించి. మన ఆడవాళ్ళందరమూ అదే అడుగుతామేమో! కొలరాడోలో పెద్ద గోధుమరంగు గ్రిజ్లీ ఎలుగులు ఇప్పుడు లేవు. ఆఖరిది 1979లో శాన్ హ్వాన్ కొండల్లో చనిపోయింది. నల్ల ఎలుగులు, కొండసింహాలు ఉన్నాయి గాని, అవి సాధారణంగా మనిషి అలికిడికి తప్పుకొంటాయి. అసలు ప్రమాదాలు వినడానికి చాలా చప్పగా ఉంటాయి. కాలు జారడం, తడిసిన నూలు బట్టలతో చలిగాలిలో ఉండిపోవడం, పొద్దుగూకిన తరువాత దారి తప్పడం, చేతిలో ఉన్న కత్తి చేతికే తగలడం. ఒళ్ళు చల్లబడిపోయి మనిషి పోవడానికి నీళ్ళు గడ్డకట్టేంత చలి కూడా అక్కరలేదు. తడి, గాలి, అలసట చాలు. మేము వెళ్ళే ఫ్లాట్ టాప్స్ కొండల్లో గుడారం వేసే చోటే 9,000 అడుగుల ఎత్తు. మన ఆంధ్రలో అన్నిటికన్నా ఎత్తయిన జిందగడ శిఖరం ఐదున్నర వేల అడుగులే. అక్టోబరులో అక్కడ ఉదయం ఎండ, సాయంత్రం మంచు.

రెండవ రోజు లెక్కలు వేశాము. ఆడ ఎల్క్‌లో ఎముక తీసిన మాంసం సుమారు 70 కిలోలు వస్తుంది. ఒక మనిషి, అంత ఎత్తులో, వీపున 25 కిలోలు మోస్తాడనుకొందాము. అంటే మూడు మోతలు. దారికి 5 కిలోమీటర్ల దూరంలో కాలిస్తే, లోపలికి పోయిన నడకతో కలిపి ఆరుసార్లు ఆ దారి తొక్కాలి. 30 కిలోమీటర్లు! అందులో సగం బరువుతో. అడవిలో వైల్డర్‌నెస్ అని హద్దు పెట్టిన భాగంలో చక్రాల బండి కూడా తీసుకుపోనివ్వరు. ఈలోగా మాంసం ఆగదు. ఎల్క్ తోలు మందం. వెంటనే తీసి, తొడ ఎముక దగ్గర గాలి తగలనివ్వకపోతే, బయట చలిగా ఉన్నా లోపల వేడికి కుళ్ళుతుంది. అదే కిలోమీటరున్నర దూరంలో అయితే మొత్తం నడక 9 కిలోమీటర్లే.

“తుపాకీ పేల్చే దాకా వేట, ఆ తరువాత అంతా కూలిపని” అని పెద్దాయన అనేవారట. ఆ మాట ఆయనే మాకు చెప్పి, ఆ కాగితం చూసి చాలాసేపు మాట్లాడలేదు.

మూడవ రోజు ఆమె సూటిగా అడిగింది. “మాంసం కోసమైతే వచ్చే యేడు ఆగవచ్చు. కోడి మాంసం ఇక్కడ చవకే. మీరు ఎందుకు ఒంటరిగా వెళ్ళాలనుకొంటున్నారు?”

ఆయన తప్పించుకోలేదు. షెడ్డులో వాళ్ళు, మొదటి ఎల్క్‌ను ఒంటరిగా తెచ్చినవాడే వేటగాడు అంటారట. ఇన్నేళ్ళుగా ఇంకొకరి వెనుక నడిచినవాడిగానే మిగిలానని మనసులో ఉందట. నలభై ఆరేళ్ళు వచ్చాయి, ఇంకో పదేళ్ళకు ఆ కొండ ఎక్కలేనని కూడా అన్నారు. ఇది వినడానికి చిన్న కారణంలా ఉండవచ్చు. మా ఇంట్లో మాత్రం దాన్ని చిన్నదిగా తీసుకోలేదు.

అప్పుడు ఆమె తన నాన్నగారి సంగతి ఎత్తింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె దాని గురించి పూర్తిగా మాట్లాడడం అదే మొదలు. అది 1996. పొలాలకు రాత్రిపూట త్రీ ఫేజ్ కరెంటు వచ్చే రోజులు. రెండు గంటలకు కరెంటు వచ్చిందని టార్చిలైటు పట్టుకొని మోటారు వేయడానికి ఒక్కరే వెళ్ళారు. వెళ్ళినట్టు ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆరు గంటలకు పాలు పితకడానికి లేచిన తరువాత వెతికారు. మోటారు ఆడుతూనే ఉంది. మడి నిండి నీళ్ళు గట్టు దాటుతున్నాయి. రక్తపింజరి కరిచింది. ప్రాణం ఉంది గాని ఒంగోలు చేరేలోపల పోయింది.

“పాము కరిచిందని కాదు నా బాధ. ఆ నాలుగు గంటలు ఎవరికీ తెలియదు” అన్నది ఆమె.

ఆ మాటతో మా ప్రశ్నే మారిపోయింది. వెళ్ళాలా వద్దా అన్నది పక్కకు పోయి, ఎవరికీ తెలియని గంటలు ఎన్ని అన్నది ముందుకు వచ్చింది. ఆ రాత్రి కుటుంబ ప్రార్థన తరువాత పిల్లలను పడుకోబెట్టి కాగితం మీద వ్రాసుకొన్నాము. దారికి కిలోమీటరున్నర దాటకూడదు. ఉపగ్రహం ద్వారా కబురు పంపే చిన్న యంత్రం కొన్నాము. దానితో పదింటికి, రెండింటికి, రాత్రి ఏడింటికి ఇంటికి ఒక మాట. దట్టమైన చెట్ల కింద కబురు ఆలస్యమవుతుంది గనుక ఒకటి రాకపోతే కంగారు పడకూడదు. వరుసగా రెండు రాకపోతే ఆమె ఆ కౌంటీ షెరీఫు ఆఫీసుకు ఫోను చేయాలి. ఇక్కడ తప్పిపోయినవారిని వెతికించే బాధ్యత షెరీఫుదే. కొండల్లో వెతికేవాళ్ళలో ఎక్కువమంది జీతం లేకుండా వచ్చే స్వచ్ఛంద సేవకులు. మనం లెక్క తప్పితే రాత్రి నిద్ర మానుకొని మంచులో నడిచేది వాళ్ళు. ఇది మాకు ముందు తట్టలేదు.

ఒక్క షరతు దగ్గర మాట పెరిగింది. మధ్యాహ్నం రెండు దాటితే కాల్చకూడదని ఆమె. ఎల్క్ గడ్డిమైదానంలోకి వచ్చేదే తెల్లవారుజామున, పొద్దువాలే వేళ, సాయంత్రం వదులుకొంటే సగం వేట వదులుకొన్నట్టేనని ఆయన. కొత్తవాడికి ఒంటరిగా తోలు తీసి కోయడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. ఆరున్నరకు సూర్యుడు దిగిపోతాడు. అంటే రెండవ మోత, మూడవ మోత చీకట్లోనే. చివరికి ఆయన ఒప్పుకొన్నారు, సంతోషంగా మాత్రం కాదు.

ఇంతలో పెద్దాయన ఫోను చేశారు. “నడవలేను గాని కూర్చోగలను. దారి పక్కన గుడారంలో ఉంటాను, కాఫీ కాస్తాను” అన్నారు. అప్పుడు అది ఒంటరి వేట అవుతుందా అని ఆయన ఒక పూటంతా ముభావంగా ఉన్నారు. సాయంత్రానికి, “సరే, కాఫీ ఆయన బాగానే పెడతాడు” అన్నారు.

అక్టోబరులో వెళ్ళారు. మొదటి రోజు, రెండవ రోజు అడుగుజాడలు తప్ప ఏమీ లేవు. మూడవ రోజు సాయంత్రం ఐదు నలభైకి ఆస్పెన్ చెట్ల మధ్య నుండి ఆరు ఆడ ఎల్క్‌లు మైదానంలోకి దిగాయి. ముందున్నది సుమారు 180 మీటర్ల దూరంలో పక్కకు తిరిగి నిలబడింది. చట్టప్రకారం సూర్యుడు అస్తమించిన అరగంట వరకు కాల్చవచ్చు. ఆయన బోర్లా పడుకొని దుర్భిణిలో చూస్తూ ఉన్నారు. అవి మేశాయి, ఒకదాన్నొకటి నెట్టుకొన్నాయి, చీకటి పడే ముందు కొండ మీదికి పోయాయి. ఏడు గంటలకు ఇక్కడ ఆమె చేతిలో ఉన్న ఫోనులోకి కబురు వచ్చింది: “గుడారం చేరాను. చేతులు ఖాళీ.”

జరిగింది విని పెద్దాయన, “నేనైతే కాల్చేవాణ్ణి” అన్నారట.

ఆ మాట ఇప్పటికీ మా ఇంట్లో తిరుగుతూనే ఉంది. ఆయన అప్పుడప్పుడు ఆ కాగితం తీసి, రెండు గంటలు అన్న చోట వేలు పెట్టి, మూడు చేయవచ్చా అని అడుగుతారు. మోకాలు నయమైన మనిషి పక్కన ఉంటే నాలుగు కూడా చేయవచ్చు అంటుంది ఆమె. వచ్చే లైసెన్సుకు దరఖాస్తు గడువు ఏప్రిల్ మొదటి మంగళవారం. ఈసారి ఇద్దరి పేర్లూ ఒకే దరఖాస్తులో పంపవచ్చునని పెద్దాయన చెప్పారు.