రూపాయి వడ్డీ... కోటి రూపాయల ఫండు!

వందకి నెలకు రూపాయి. అంటే ఏడాదికి 12 శాతం. ప్రోనోటు, ఇద్దరు సాక్షుల సంతకాలు, మూడేళ్లు నిండకముందే నోటు తిరగరాయించుకోవడం... వడ్డీకి తిప్పే ఈ వ్యవహారం తెలియని తెలుగు ఊరుంటుందా! అదే వ్యాపారం ఇప్పుడు సూటూ బూటూ వేసుకుని ఏసీ గదుల్లోకొచ్చింది. దాని పేరు ప్రైవేట్ క్రెడిట్ ఫండ్.

స్థలం అమ్మగా కోటి రూపాయలు చేతికొచ్చిన ఓ రిటైర్డు ఉద్యోగిని ఊహించుకోండి. ఏడు శాతం వడ్డీకి బ్యాంకులో వేస్తే నెలకు సుమారు 58 వేలు. 12 శాతమైతే లక్ష! ఆ 42 వేల దగ్గరే మనసు లాగుతుంది.

అంత వడ్డీ ఎవరిస్తారు? బ్యాంకు గుమ్మం దగ్గర పని కానివాళ్లు. భూమి కొనడానికి బిల్డరుకి బ్యాంకులు అప్పివ్వవు. నష్టాల్లోంచి ఇప్పుడిప్పుడే తేరుకుంటున్న కంపెనీ అంటే వెనకాడతాయి. అలాంటివాళ్లకి ఫండ్లు భూములో షేర్లో తాకట్టు పెట్టుకుని అప్పిస్తాయి. మన దేశంలో ఇవి ఎక్కువగా సెబీ 2012లో తెచ్చిన నిబంధనల కింద, ఆల్టర్నేటివ్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్లలో 'కేటగిరీ 2'గా నడుస్తాయి. మామూలు మదుపరి కనీసం కోటి రూపాయలు పెట్టాలి. కాలవ్యవధి మూడేళ్లకు తగ్గదు.

పెన్షన్ లాంటిది కాదు

చాలా ఫండ్లు మూడు నెలలకోసారి డబ్బు పంపుతాయి. ఆ వచ్చేదంతా వడ్డీయేనా అన్నది చూసుకోవాలి. అప్పు తీసుకున్న కంపెనీ అసలు కొంత కడితే అదీ అందులోనే కలిసి వస్తుంది. రాబడి అనుకుని ఖర్చుపెట్టేస్తే, తిన్నది మన అసలే! మేనేజరు ఫీజు, లాభంలో ఆయన వాటా ముందే పోతాయి. వడ్డీ మీద మీ శ్లాబు ప్రకారం పన్ను. 30 శాతం శ్లాబులో ఉంటే రూపాయి వడ్డీలో చేతికి మిగిలేది 70 పైసల లోపే. బ్యాంకు డిపాజిట్‌కి ఐదు లక్షల దాకా బీమా ఉంది. ఇక్కడ అదీ లేదు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు, మధ్యలో డబ్బు కావాలంటే రాదు. 2020 ఏప్రిల్ 23న ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ ఆరు డెట్ పథకాలను మూసేసింది. అవి మ్యూచువల్ ఫండ్లే కానీ, రేటింగ్ తక్కువున్న కంపెనీలకు ఎక్కువ వడ్డీకి అప్పిచ్చినవే. పాతిక వేల కోట్లకు పైగా ఇరుక్కుంది. చివరికి మదుపరులకు డబ్బు తిరిగొచ్చింది, నిజమే. మొదటి విడత చేతికందింది మాత్రం 2021 ఫిబ్రవరిలో. నెలనెలా అందులోంచి తీసుకుని ఇల్లు నడిపేవాళ్లకి ఆ పది నెలలు ఎలా గడిచుంటాయి?

అమెరికాలో ఉన్న మన పిల్లలకైతే కోటి అక్కర్లేదు. అక్కడ 1980 చట్టంతో వచ్చిన బీడీసీలనే కంపెనీల్లో కొద్ది డాలర్లతోనే వాటా కొనొచ్చు. పన్ను మినహాయింపు కోసం అవి ఆదాయంలో కనీసం 90 శాతం పంచేస్తాయి. స్టాక్ మార్కెట్లో లేని బీడీసీలు మాత్రం మూడు నెలలకి మొత్తం వాటాల్లో ఐదు శాతం వరకే వెనక్కి తీసుకోవడం మామూలు. అందరూ ఒకేసారి అడిగితే వరసలో నిలబడాల్సిందే. 2025 సెప్టెంబరులో ట్రైకలర్, ఫస్ట్ బ్రాండ్స్ కంపెనీలు దివాలా తీశాక ఈ అప్పుల మీద అక్కడా గుబులు మొదలైంది.

ఇదంతా చూసి అసలు వద్దేవద్దని కాదు. పది కోట్లున్నాయన ఒక కోటి పెట్టడం వేరు, ఉన్న ఒక్క కోటీ పెట్టడం వేరు. రెండో ఆయనకి సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీము ఉంది. అందులో పరిమితిని 2023లో 30 లక్షలకు పెంచారు. దానిదీ మూడు నెలలకోసారి వడ్డీయే, పైగా సర్కారు హామీ.

ఎవరైనా ఫండు అమ్మడానికి వస్తే కాఫీ ఇచ్చి కూర్చోబెట్టండి. ఎవరెవరికి అప్పిచ్చారు, ఎంతమంది వాయిదా తప్పారు, తాకట్టు ఎవరు లెక్కగట్టారు అని అడగండి. ఆయన కమీషనెంతో కూడా. 2023 నుంచి సెబీ అందులో మూడో వంతుకు మించి ముందే ఇవ్వకూడదంది. మిగతాది ఫండు నడిచినన్నాళ్లూ విడతలుగా తీసుకోవాల్సిందే.