సహాయధనమును పొందినవారి పట్టిక

ప్రజలు చెల్లించిన పన్నులనుండి ప్రభుత్వము రైతులకిచ్చు సహాయధనమునే సబ్సిడీ యనుచున్నాము. ఎరువుల ధర తగ్గించి యిచ్చుట ఒక పద్ధతి. రైతు బ్యాంకు ఖాతాలో నేరుగా సొమ్ము జమ చేయుట మరియొక పద్ధతి. ఈ రెండవదానిలో ప్రతి చెల్లింపునకు ఒక పేరు, ఒక మొత్తము ఉండును. ఆ పేర్లను ప్రజలు చూడవచ్చునా? మన విద్యార్థులలో సేద్యపు కుటుంబములవారు గలరు గావున ఈ విషయమును తల్లిదండ్రులు ఎరుగుట అవసరము.

ఐరోపాలో దీనిపై పెద్ద వివాదము నడచినది. సహాయధనము పొందినవారందరి పేర్లను, మొత్తములను ప్రకటింపవలెనని యూరోపియన్ యూనియన్ నిబంధన చేయగా, జర్మనీలోని హెస్సె రాష్ట్రమునుండి ఒక రైతు, ఒక వ్యవసాయ సంస్థ న్యాయస్థానమునకు వెళ్లిరి. 2010 నవంబరు 9న యూనియన్ న్యాయస్థానము తీర్పు చెప్పెను. సంస్థల పేర్లు ప్రకటించుటలో దోషము లేదనియు, వ్యక్తుల విషయమున ఎంతకాలము, ఎంత మొత్తము పొందిరను భేదము చూడక అందరి పేర్లు వెల్లడించుట మితిమీరిన పని యనియు దాని సారాంశము. 2013లో నిబంధనను సవరించిరి. వ్యక్తుల పేర్లు మరల ప్రకటనకు వచ్చినవి. ఏడాదికి 1250 యూరోలకు మించని సాయము పొందిన చిన్న రైతుల పేర్లు మాత్రము విడువబడినవి. ప్రజాధనమునకు లెక్క చూపవలయును, పేదవాని గుట్టును కాపాడవలయును అను రెండు ధర్మములకు వారు కుదిర్చిన పొందిక యిది.

మన దేశమున 2005 నాటి సమాచార హక్కు చట్టము 4వ విభాగము ఈ విషయమున స్పష్టముగా నున్నది. సబ్సిడీ పథకముల అమలు తీరును, కేటాయించిన మొత్తములను, లబ్ధిదారుల వివరములను ఎవరును అడుగకమునుపే కార్యాలయములు ప్రకటింపవలయును. 2019లో ఆరంభమైన ప్రధానమంత్రి కిసాన్ సమ్మాన్ నిధి క్రింద అర్హత గల రైతు కుటుంబమునకు ఏటా మూడు వాయిదాలలో 6000 రూపాయలు ముట్టును. దీని లబ్ధిదారుల పట్టికను గ్రామములవారీగా ప్రకటింపవలెనని పథకపు నియమములలోనే కలదు.

ఈ నియమము ఎందులకో 2020లో మన తమిళనాట తెలిసివచ్చినది. దళారుల మూలమున, కొందరు ఒప్పంద ఉద్యోగుల మూలమున అనర్హులు లక్షల సంఖ్యలో పట్టికలో చేరిరి. సుమారు 110 కోట్ల రూపాయలు తప్పుదారి పట్టినట్లు బయటపడి, అరెస్టులు జరిగినవి. ఎవనికి భూమి కలదో, ఎవనికి లేదో కార్యాలయమునకన్న ఊరివారికి బాగుగా తెలియును. పట్టికను ఊరు చదివినచో ఇట్టి మోసము చాలకాలము దాగదు.

అయితే చదువుట ఎట్లు? స్థానిక భాషను దృష్టియందుంచుకొని సమాచారమును అందింపవలెనని అదే చట్టము చెప్పుచున్నది. కాని మన ప్రాంతమున స్థానిక భాషయనగా తమిళమనియే కార్యాలయములు గ్రహించును. మన పెద్దలలో పలువురికి తెలుగు తప్ప వేరు లిపి రాదు. పంచాయతీ గోడపై తమ పేరున్నను వారు గుర్తింపలేరు, లేకున్నను అడుగలేరు. ఇదియే మనకు గల నిజమైన నష్టము.

దీనికి ఉపాయములు రెండు గలవు. మన పిల్లలు పాఠశాలలో తమిళమును గూడ నేర్చుచున్నారు. వారిచేత పట్టికను చదివించి మీ పేరు, మొత్తము సరిచూచుకొనుడు. సమాచార హక్కు అర్జీని తమిళమునందుగాని, హిందీయందుగాని, ఆంగ్లమునందుగాని వ్రాయవలయును గనుక దానిని గూడ వారు వ్రాయగలరు. ఇక అన్యాయము జరిగినదని చేయు ఫిర్యాదుల సంగతి వేరు. కేంద్రములోగాని రాష్ట్రములోగాని వాడుకలో నున్న ఏ భాషయందైనను అధికారులకు విన్నవించుకొను హక్కును రాజ్యాంగము 350వ అధికరణము ప్రతివానికి ఇచ్చినది. కావున ఆ విన్నపమును తెలుగుననే వ్రాయవచ్చును.

ఒక హెచ్చరిక. పట్టికను చూచుటకు ఎవరి ఖాతా సంఖ్యయు, ఆధార్ సంఖ్యయు అక్కరలేదు. వాటిని అడుగు దళారిని ఇంటి గడప దాటనీయకుడు. పొరుగువానికి న్యాయముగా వచ్చిన సొమ్మును గూర్చి అసూయపడుటకును ఈ పట్టికలు కావు. రావలసినవానికి వచ్చినదా, రాకూడనివానికి పోయినదా అని చూచుటయే వాని ప్రయోజనము.