స్టాపు ఉంది, థియేటర్ లేదు

మద్రాసు ఆర్కాట్ రోడ్డు తెలుగు సినిమాకు దశాబ్దాల పాటు పుట్టినిల్లూ మెట్టినిల్లూ. కోడంబాకం, వడపళని, సాలిగ్రామం వీధుల్లో చెరిగిపోయిన చిరునామాల మీద ప్రత్యేక కథనం.

చెన్నైలో కోడంబాకం వైపు వెళ్లే సిటీబస్సు ఎక్కి ‘లిబర్టీ’ అంటే కండక్టరు మారు మాట్లాడకుండా టికెట్టు చించి ఇస్తాడు. దిగి ఎంత వెతికినా లిబర్టీ కనపడదు. ఆ సినిమా హాలు నేలమట్టమై చాలాకాలమైంది. స్టాపు పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. రోడ్డు సంగతీ అంతే. హాస్యనటుడు ఎన్.ఎస్.కృష్ణన్ పేరు పెట్టి ఎన్నెస్కే శాలై అని బోర్డులు రాసినా జనం నోట్లో అది ఆర్కాట్ రోడ్డే.

కోడంబాకం అనగానే మనకు తారల కథలే గుర్తొస్తాయి. ఎవరి బంగళా ఎక్కడ, ఎవరి కారు ఏ రంగు అన్న ముచ్చట్లు అచ్చులో బోలెడు వచ్చాయి. ఇక్కడ పుట్టి పెరిగిన తెలుగువాళ్లను కదిపితే వాళ్లు మొదలుపెట్టేది ఆ కథలతో కాదు. ఏ మెస్సులో నెల ఖాతా ఉండేది, ఏ సందులో సవరాలు అద్దెకిచ్చేవాళ్లు, తెల్లవారుజామున వ్యాను ఏ మలుపులో ఆగేది, ఇవీ వాళ్ల జ్ఞాపకాలు. తెలుగు సినిమాకు వచ్చిన నష్టమేమీ లేదు, హైదరాబాద్ వెళ్లి ఇంకా పెద్దదైంది. చితికిపోయింది దాన్ని నమ్ముకుని బతికిన వీధి.

గేటు పడితే సంబరం

ఈ పేటలో అన్నిటికంటే ముందు మాయమైన గుర్తు ఒక రైల్వే గేటు. మద్రాసు బీచ్ నుంచి తాంబరం దాకా 1931 నుంచే కరెంటు రైళ్లు నడుస్తున్నాయి. కోడంబాకం స్టేషను పక్కనే లెవల్ క్రాసింగ్ ఉండేది. నటీనటుల ఇళ్లు ఎక్కువగా పట్టాలకు తూర్పున, టి.నగర్, నుంగంబాకం వైపు. స్టూడియోలేమో పడమర దిక్కున. లోకల్ రైలు వస్తోందంటే గేటు పడేది. ఎంతటి హీరో కారైనా సైకిళ్ల మధ్య, ఎడ్లబళ్ల మధ్య ఆగి తీరాలి.

చుట్టుపక్కల పిల్లలకు రైళ్ల వేళలు కంఠతా వచ్చేవి. గేటు దించే చప్పుడు వినపడగానే పరుగు. కారు అద్దం కిందికి దిగిందా, ఆ వారమంతా బళ్లో అదే కబురు. వేరుశనక్కాయల వాడికీ పూలమ్మికీ ఆ నాలుగు నిమిషాల్లోనే బేరం. 1965లో పట్టాల మీదుగా వంతెన లేచింది, కార్లు పైనుంచి దూసుకుపోవడం మొదలైంది. ఆఫీసులకెళ్లే వాళ్లకు పీడ విరగడైంది. పేటవాళ్లకు పైసా ఖర్చులేని వినోదం పోయింది. అందరూ విసుక్కున్న గేటును ఇన్నేళ్ల తర్వాత మురిపెంగా తలుచుకోవడం కోడంబాకంలోనే చూస్తాం.

ఖాతా పుస్తకాల వీధి

సినిమా తీయాలంటే కెమెరా, నటులు ఉంటే చాలదు. కోట కావాలంటే వడ్రంగులు, దానికి రాతిగోడ రూపు రావాలంటే ప్లాస్టర్ పోతపోసేవాళ్లు, కిటికీ అవతల కొండలు కనపడాలంటే తెరల మీద బొమ్మలు వేసే పెయింటర్లు ఉండాలి. పౌరాణికమైతే అట్టకు బంగారు కాగితం అంటించి అద్దాలు పొదిగిన కిరీటాలు, భుజకీర్తులు, గదలు అద్దెకు తేవాలి. సాంఘికమైతే సోఫాలు, టెలిఫోన్లు, పియానో కావాలి. వీటన్నిటికీ ఆర్కాట్ రోడ్డు సందుల్లో కొట్లు ఉండేవి. దర్బారు సీను ఉందంటే సభాసదుల్ని సరఫరా చేసే ఏజెంటు కూడా అక్కడే ఉండేవాడు. ఎన్ని గడ్డాలు, ఎన్ని మీసాలు, ఎందరు ఆడవాళ్లు అని చీటీ రాసిస్తే తెల్లారేసరికి మనుషుల్ని వ్యాను ఎక్కించి పంపేవాడు.

ఆ మనుషులకు తిండి పెట్టినవి మెస్సులు. గుంటూరు, తెనాలి, రాజమండ్రి, నెల్లూరు నుంచి ఒక్క వేషం కోసం రైలెక్కి వచ్చినవాళ్లు లాడ్జి గదుల్లో నలుగురైదుగురు సర్దుకునేవాళ్లు. తమిళ హోటళ్ల సాంబారుకు నాలుక అలవాటు పడేలోగా ఏ సందులోనో పప్పు, గోంగూర, ఆవకాయ వడ్డించే తెలుగింటి ఆవిడ ఆచూకీ దొరికేది. “అక్కా, ఈ పూటకి రాసుకో, పిక్చర్ మొదలవగానే ఇచ్చేస్తా” అనడం, ఆవిడ “సరేలే, ముందు తిను” అనడం రోజూ ఉండేదే. పిక్చర్లు మొదలయ్యేవి కావు, మొదలైనవి మధ్యలో ఆగేవి. ఖాతా పుస్తకంలో అంకెలు పెరిగేవి. వేషం దొరికి పైకొచ్చినవాళ్లలో బాకీ తీర్చడానికి వెతుక్కుంటూ వచ్చిన వాళ్లున్నారు, కారు అద్దం దించకుండా పోయినవాళ్లూ ఉన్నారు. ఎవరు ఏ కోవకు చెందారో ఇక్కడి పాతకాపులకు బాగా తెలుసు. పేర్లు మాత్రం చెప్పరు.

నాలుగు వందల చేతులు

తాడిపత్రికి చెందిన మూలా నారాయణస్వామి, దర్శకుడు బి.ఎన్.రెడ్డి కలిసి 1940ల చివర్లో వడపళనిలో వాహినీ స్టూడియో నిలబెట్టారు. తర్వాత బి.ఎన్. తమ్ముడు నాగిరెడ్డి చేతుల్లో అది విజయా-వాహినీ అయింది. ఆసియాలోనే పెద్ద స్టూడియోల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. ‘పాతాళభైరవి’ (1951), ‘మిస్సమ్మ’ (1955), ‘మాయాబజార్’ (1957), ‘గుండమ్మ కథ’ (1962) తెలుగిళ్లకు ఇక్కడినుంచే వెళ్లాయి.

‘మాయాబజార్’లో ద్వారకానగరం కనపడేది కాసేపే. దానికోసం 50 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు ఉన్న చోటులో దాదాపు 300 బుల్లి ఇళ్లు కట్టారు. కళాదర్శకులు గోఖలే, కళాధర్ గీసినదాన్ని వడ్రంగులు చెక్కారు, పెయింటర్లు రంగులద్దారు, లైట్‌మెన్ వెలుగులు అమర్చారు, మార్కస్ బార్ట్‌లే కెమెరా దాన్ని మహానగరంగా చూపించింది. ఆ సినిమా సెట్ల పనిలో లైట్‌మెన్, వడ్రంగులు, పెయింటర్లు కలిపి 400 మంది దాకా పాలుపంచుకున్నారు. సాయంత్రం షిఫ్టు వదిలాక వాళ్లంతా సైకిళ్ల మీద ఒక్కసారే బయటికొస్తే టీ కొట్లు, బీడీ బంకులు, బియ్యం దుకాణాలు కళకళలాడేవి. నెలకోసారి వడపళని మురుగన్ గుడికి వెళ్లే సంసారాలు, పండక్కి చిట్టీలు పాడుకునే ఆడవాళ్లు, పక్కింటి తమిళులతో కలగాపులగమైన పిల్లల భాష, అదంతా ఆ స్టూడియో గేటుకు అల్లుకున్న ఊరు.

ఈ గేట్లలోకి ఒక్క తెలుగే వచ్చేది కాదు. డి.రామానాయుడు తీసిన ‘రాముడు-భీముడు’ (1964) ఆడగానే అదే కథను నాగిరెడ్డి తమిళంలో ఎం.జి.ఆర్‌తో, హిందీలో దిలీప్ కుమార్‌తో తీశారు. ఒక భాషలో గిరాకీ తగ్గితే ఇంకో భాష ఆదుకునేది. అందుకే వడ్రంగి చేతికి పని ఆగేది కాదు.

1972లో నాగిరెడ్డి ఇక్కడే విజయా హాస్పిటల్ పెట్టారు. 1990లకు వచ్చేసరికి ఫ్లోర్ల సందడి సద్దుమణిగింది. 2013లో అదే చోట మాల్ తెరుచుకుంది. ఇవాళ వడపళనిలో ‘విజయా’ అంటే కుర్రాళ్లకు మల్టీప్లెక్సు, పెద్దలకు ఆసుపత్రి.

మద్రాసు-26

ఆంధ్రదేశంలో వడపళని ఎప్పుడూ చూడని పిల్లలకు కూడా నోటికొచ్చిన చిరునామా ఒకటుండేది: చందమామ బిల్డింగ్స్, వడపళని, మద్రాసు-26. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో మొదలుపెట్టిన ఆ పత్రిక తర్వాత డజను భాషల్లోకి విస్తరించింది. 1952 నుంచి 1980లో కన్నుమూసే దాకా కొడవటిగంటి కుటుంబరావు సంపాదకత్వం అక్కడే సాగింది. దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లు రాసింది, చిత్రా, శంకర్ బొమ్మలు గీసింది ఆ పత్రిక కోసమే. ఫోటో వ్యాఖ్యల పోటీకి పల్లెపల్లె నుంచి పోస్టుకార్డులు వచ్చి పడేవి.

స్టూడియోకు పక్కనే ప్రెస్సు ఉండడంతో ఈ పేటకు ఇంకో రకం పనివాళ్లు వచ్చారు. అక్షరాలు కూర్చే కంపోజిటర్లు, బ్లాకులు చేసేవాళ్లు, బైండర్లు, ప్రూఫులు దిద్దేవాళ్లు. సినిమావాళ్లకు రేపటి పని ఉంటుందో ఊడుతుందో తెలియదు. చందమామ ఉద్యోగికి నెల తిరిగేసరికి జీతం వచ్చేది. అందుకే ఇక్కడ పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు ‘అబ్బాయి ప్రెస్సులో’ అంటే ఆడపిల్ల తల్లిదండ్రులు కుదుటపడేవాళ్లు. 2007లో యాజమాన్యం మారింది. మరికొన్నేళ్లకు పత్రికే ఆగిపోయింది.

లెక్క ఎక్కడ తప్పింది?

వీధి ఎందుకు మారిందని అడిగితే ‘హైదరాబాద్ వెళ్లిపోయారు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అసలు కారణాలు మూడు, ఒకదాని వెనక ఒకటి వచ్చాయి.

మొదటిది ఔట్‌డోర్. బాపు ‘సాక్షి’ (1967)ని గోదావరి పక్క పులిదిండిలో తీసి, సెట్టు లేకుండానే ఊరిని చూపించవచ్చని రుజువు చేశారు. రంగుల సినిమా వచ్చాక నిజం చెట్టుకు, నిజం ఏటికి గిరాకీ పెరిగింది. గుడ్డమీద కొండలు గీసే పెయింటరు చేతిలో కుంచె అప్పుడే ఆగింది.

రెండోది రాష్ట్రం. ఆంధ్రప్రదేశ్‌లో తీసే సినిమాలకు ప్రభుత్వం ప్రోత్సాహకాలు ఇచ్చింది. హైదరాబాద్‌లో సారథి స్టూడియోస్ అప్పటికే ఉంది, 1976లో అన్నపూర్ణ వచ్చింది, రామకృష్ణా, పద్మాలయా తోడయ్యాయి. హీరోలు మద్రాసు ఇళ్లు అమ్ముకుని వెళ్లారు. లైట్‌బాయ్‌కి అది కుదరలేదు. అతని యూనియన్ కార్డు మద్రాసుది, పిల్లల చదువు తమిళంలో, అప్పు వడపళని సేట్ దగ్గర. కొందరు తమిళ సినిమాలకు మళ్లారు, కొందరు సీరియళ్లకు. చాలామంది పెళ్లిళ్లకు లైట్లు, షామియానాలు కట్టే పని వెతుక్కున్నారు.

మూడోది నేల. స్టూడియో ఫ్లోరుకు షూటింగ్ ఉన్న రోజే రాబడి. ఖాళీగా ఉన్న రోజు కూడా కరెంటు, కాపలా, పన్ను తప్పవు. నగరం పడమరకు పెరిగి ఆర్కాట్ రోడ్డు మీద గజం ధర చుక్కలనంటాక ఆసుపత్రి మంచం, అపార్ట్‌మెంటు ఫ్లాటు, మాల్ దుకాణం మెరుగైన లెక్కగా కనిపించాయి. భానుమతి, రామకృష్ణారావు దంపతులు కొడుకు పేరుతో సాలిగ్రామంలో నడిపిన భరణీ స్టూడియో, చుట్టుపక్కలి మెజెస్టిక్, గోల్డెన్, అరుణాచలం ఈ లెక్క ముందు నిలవలేదు. ఫిల్ము పోయి డిజిటల్ వచ్చాక కలర్ ల్యాబులకు తాళాలు పడ్డాయి. రీళ్ల డబ్బాలు ఆటోల్లో వేసుకుని సెంట్రల్ స్టేషనుకు పరుగులు తీసే కుర్రాళ్ల ఉద్యోగం కూడా దాంతోనే పోయింది.

ఇంకా ఉన్నవి

1948లో ఇక్కడికి వచ్చిన ఏవీఎం స్టూడియో గోళం ఆర్కాట్ రోడ్డు మీద ఇప్పటికీ గుర్తు. వాళ్ల రాజేశ్వరి థియేటర్ 2020లో మూతపడింది కానీ, స్టూడియో ఆవరణలో 2023లో పాత కార్లు, కెమెరాలతో మ్యూజియం తెరిచారు. దర్శక నిర్మాత ఎల్.వి.ప్రసాద్ పేరు ఆయన స్టూడియోతో సాలిగ్రామంలో నిలిచే ఉంది. ఫైటర్ల యూనియన్ వడపళనిలోనే ఉంది. వేషాలు అద్దెకిచ్చే కొట్లు కొన్ని ఉన్నాయి, వాటికి ఇప్పుడు ఎక్కువ బేరం బడి వార్షికోత్సవాలది. కోడంబాకం పవర్ హౌస్ నుంచి పడమరకు మెట్రో రెండో దశ స్తంభాలు లేచాక పాత ముఖద్వారాలు ఉన్నవి కూడా రోడ్డు మీదినుంచి సరిగా కనపడటం లేదు.

ఈ ఒక్క రోడ్డుతో ముడిపడిన ముగ్గురు తెలుగువాళ్లకు ఫాల్కే పురస్కారం వచ్చింది: 1974కు బి.ఎన్.రెడ్డికి, 1982కు ఎల్.వి.ప్రసాద్‌కు, 1986కు నాగిరెడ్డికి. వాళ్ల జీవితచరిత్రలు దొరుకుతాయి, ఫోటోలు దొరుకుతాయి. ద్వారక కట్టిన వడ్రంగుల పేర్లు అడిగితే చెప్పే పుస్తకం కనపడదు. మ్యూజియంలో కారు పెట్టవచ్చు, మెస్సు ఖాతా పుస్తకానికి అద్దాల బీరువా ఎవరూ కేటాయించలేదు. అక్షరాలు కూర్చినవాళ్లు, లైట్లు మోసినవాళ్లు, అన్నం పెట్టినవాళ్లలో చివరి తరం ఎనభైల్లో ఉంది. వాళ్ల పిల్లలకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. స్టూడియోలను తిరిగి నిలబెట్టడం ఎవరి తరమూ కాదు. చెన్నైలోని తెలుగు సంఘాలు, తెలుగు శాఖలున్న కళాశాలలు సెలవుల్లో విద్యార్థులను రికార్డరు ఇచ్చి ఈ సందుల్లోకి పంపితే మాత్రం ఆ పేర్లు దొరుకుతాయి. అందుకు కావలసింది బస్సు చార్జీలు, మధ్యాహ్నం భోజనం ఖర్చు.