కారులో చలువ: స్వయం నియంత్రణము

గౌతమీతీరమందలి మన యానాములో వేసవియందు ఎండకు ఉక్క తోడగును. గాలిలో తేమ హెచ్చినపుడు చెమట ఆరదు. వేడి మఱింత దుర్భరమగును. కారులోని చలువయంత్రము గాలిని చల్లబఱచుటయే గాక, అందలి తేమను నీరుగా మార్చి వెలికి పంపును. కారు క్రింద పడు నీటిబొట్లు అవియే.

1964 నమూనా కార్లలో అమెరికాలోని కాడిలాక్ సంస్థ దీనికి స్వయం నియంత్రణమును చేర్చెను. 25 డిగ్రీలు కావలెనని మనము నిర్ణయించిన చాలును. నేటి కార్లలో లోపలి వేడిని, బయటి వేడిని, ఎండ తీవ్రతను కొలుచు సాధనములు గలవు. ఆ కొలతలనుబట్టి నియంత్రకము పంకా వేగమును, చల్లని వెచ్చని గాలుల పాళ్లను మార్చుచుండును.

అయితే ఇంజను ఆపినచో ఈ చలువయు ఆగును. ఎండలో మూసియుంచిన కారు కొద్ది నిమిషములలోనే ప్రాణాంతకముగా కాగును. కావున పసివారిని అందు విడిచి క్షణమైనను పోరాదని విద్యార్థులు తమ యిండ్ల చెప్పవలెను.